ప్రకటన నొక్కిన వేలు

గువ్వ తెచ్చిన పెట్టె ముందుగది మధ్యలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఉదయం ఏడున్నరకి వచ్చి దించింది. ఇప్పుడు తొమ్మిది దాటింది. దాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్తే కూతురు పుట్టింటికి వచ్చేసినట్టు. గుమ్మం వైపు జరిపితే పొమ్మన్నట్టు. అందుకని ఇంట్లో అందరూ దాని చుట్టూ తిరిగి వెళ్తున్నారు తప్ప ఎవరూ చెయ్యి వేయడం లేదు.

"కాఫీ తాగుతావా?" గువ్వని తల్లి అడగడం అది మూడోసారి.

"వద్దమ్మా."

"పోనీ కాస్త నడుం వాల్చు."

"వద్దులే."

"మరేం చేస్తావే?"

"కూర్చుంటా."

చిన్నప్పుడు గూట్లో పిట్టలా కిక్కురుమనకుండా కూర్చునేదని ఆ పిల్లకి గువ్వ అని పేరు పడిపోయింది. పెళ్ళయి మూడేళ్ళయినా ఆ పేరూ పోలేదు, ఆ కూర్చోవడమూ పోలేదు.

వంటగది గుమ్మంలో నిలబడ్డ ఆ ఇంటి కోడలికి, గువ్వ వదినకి, ఆ పెట్టె వైపు చూడాలంటేనే భయంగా ఉంది. అది ఆ గదిలోకి వచ్చింది తన నోటిమాట వల్లే.

నిన్న సాయంత్రం ఆమె అన్నది ఒక్కటే. "మన యాడ్ మీద ఎవరో పనిగట్టుకుని క్లిక్ చేస్తున్నారు. రిపోర్టు చూస్తే ఈ చుట్టుపక్కల వీధుల్లోంచే అని తెలుస్తోంది."

భర్త చేతిలో గ్లాసు కింద పెట్టాడు. తమది కాక చుట్టుపక్కల పాదరక్షలు అమ్మే షాపు ఇంకొక్కటే ఉంది. రెండు వీధుల అవతల, అద్దాల తలుపుల షోరూమ్. అది గువ్వ మామగారిది. ఆగమని ఆమె అనేలోపే స్కూటరు వీధి మలుపు తిరిగింది. కొనేవాళ్ళు కూర్చుని ఉండగా, పనివాళ్ళు చూస్తుండగా, "వియ్యంకుడివని ఊరుకుంటుంటే మా కడుపు మీదే కొడతావా?" అని చెల్లెలి మామగారి మొహం మీద అరిచి వచ్చాడు.

తెల్లారేసరికి పెట్టె వచ్చింది. దాని వెనకే ఫోనూ వచ్చింది.

"పదకొండింటికి వస్తున్నాను బావగారూ," అన్నాడు వియ్యంకుడు, చాలా మర్యాదగా. "నేను చేశానని మీ కోడలు చూపించాలి. చూపించలేకపోతే మీ అబ్బాయి ఆ మాట ఎక్కడ అన్నాడో అక్కడికే వచ్చి వెనక్కి తీసుకోవాలి. రెండూ కుదరవంటే మీ అమ్మాయి మీ దగ్గరే ఉంటుంది."

అదీ సంగతి. ఇంకా రెండు గంటలు కూడా లేదు.

* * *

ఇంటి ముందు భాగమే వాళ్ళ పనిశాల. గోడ నిండా చెక్క పాదాలు వేలాడుతుంటాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి లోపలికి వంగినది, ఒకటి మడమ లేనిది. చక్కెర జబ్బుతో పుండ్లు పడ్డవాళ్ళకి, పుట్టుకతో వంకర పాదం ఉన్నవాళ్ళకి, ప్రమాదంలో వేళ్ళు పోయినవాళ్ళకి కాలు కొలిచి బూట్లు కుట్టడం ఆ ఇంటి పని. ఏడాదిన్నర కిందట కోడలు వెబ్‌సైట్ పెట్టాక కొత్త పాదాలు వరసగా వచ్చాయి. ఈ రెండు నెలల్లో వచ్చినవి రెండే రెండు. కుట్టేవాళ్ళలో ఇద్దరు వారం నుంచి సెలవు మీద ఉన్నారు.

తోలు కోసే బల్ల మీద ఆమె లాప్‌టాప్ తెరిచింది. భర్త ఎదురుగా నిలబడ్డాడు, కూర్చోకుండా.

"ఊఁ, చూపించు."

"ఏం చూపించను? నేను ఆయన పేరు ఎత్తానా?"

"చుట్టుపక్కల వీధులన్నావు. ఈ వీధుల్లో బూట్లమ్మే మొనగాడు ఇంకెవడున్నాడు?"

"చుట్టుపక్కల అన్నాను. షోరూమ్ అనలేదు. మీరు నా మాట పూర్తిగా వినుంటే..."

"అంటే తప్పు నాదా?"

"ఆ స్కూటరు నేను నడిపానా?"

పనిశాలలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. మూలన కూర్చున్న కుట్టుపనివాడు తలొంచుకుని లేని దారం వెతుక్కున్నాడు.

"కాస్త ఆగండర్రా." మావయ్యగారు చేతికర్ర ఊతంతో వచ్చి తన పాత కుర్చీలో కూర్చున్నారు. నిరుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కాలు కోలుకుంది, మాట కోలుకుంది, చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న సంచిలా ఉంటుంది. "ఆయనొచ్చి నన్ను నాలుగడిగితే నేను నీళ్ళు నమలకూడదు. నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మాయ్. మొదట్నుంచీ."

"ఇప్పుడు పాఠాలా నాన్నా?" అన్నాడు కొడుకు.

"నువ్వు నిన్న ఈ పాఠం విని వెళ్ళుంటే ఇవాళ ఆ పెట్టె ఉండేది కాదు. చెప్పమ్మాయ్. డొమైన్ అంటే మన బోర్డు మీది పేరు. హోస్టింగ్ అంటే మన సరుకు పెట్టుకున్న అద్దె గది. అక్కడి దాకా చెప్పావు, గుర్తుంది."

ఇంత గొడవలోనూ ఆమెకి నవ్వొచ్చింది. మనిషి ఏదీ మర్చిపోరు.

"జనం ఫోన్లో వెతుకుతారు కదా మావయ్యగారూ, 'నడిస్తే నొప్పెట్టని బూట్లు' అనో, 'వంకర పాదానికి బూట్లు' అనో. ఆ మాటల్ని కీవర్డ్స్ అంటాం. అలా వెతికినప్పుడు వరసగా షాపుల పేర్లు వస్తాయి. అన్నిటికంటే పైన వచ్చేది మనం డబ్బిచ్చి కొన్న చోటు. పక్కన చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉంటుంది. దాని కింద వచ్చేవి ఎవరూ డబ్బివ్వకుండా వచ్చినవి. ఆర్గానిక్ అంటారు."

"ఎరువులెయ్యకుండా పండినట్టా?"

"ఎరువు వెయ్యాలి. దాని పేరు ఎస్‌ఈఓ. జనం వెతికే మాటలకి మన పేజీల్లో సరైన జవాబులు రాసుకోవాలి, పేజీ చప్పున తెరుచుకోవాలి, నలుగురూ మన గురించి వాళ్ళ సైట్లలో చెప్పాలి. నెలలు పడుతుంది. అందాకా ఆగలేక పైన యాడ్ పెట్టాం."

"సరే. యాడ్ నొక్కితే?"

"మన ల్యాండింగ్ పేజీ తెరుచుకుంటుంది. అదే, మన షాపు తలుపు ఫొటో ఉన్న పేజీ. లోపలికొచ్చినవాళ్ళు 'నా కాలు కొలవండి' అన్న బటన్ నొక్కి వివరాలు పంపితే దాన్ని కన్వర్షన్ అంటాం."

"అంటే షాపులోకొచ్చి కుర్చీలో కూర్చుని కాలు చాపినట్టు."

"అంతే. కాలు చాపకుండా, గుమ్మంలోంచి ఒక్కసారి తొంగిచూసి అట్నుంచటే పోతే బౌన్స్. రెండు నెలల నుంచి మనకి వచ్చేవన్నీ అవే. వందమంది నొక్కితే తొంభై ఎనిమిది మంది రెండు సెకన్లలో వెళ్ళిపోతున్నారు."

"పోతే పోయారు. నలుగురూ చూశారుగా. మంచిదేగా?"

"మంచిది కాదు మావయ్యగారూ. యాడ్ నొక్కిన ప్రతిసారీ మనకి ఖర్చు. రోజుకి ఇంతే అని హద్దు పెట్టుకున్నాం. అది అయిపోగానే ఆ రోజుకి మన యాడ్ కనబడదు. పొద్దున్నే ఎవరో నొక్కి నొక్కి దాన్ని ఖాళీ చేసేస్తున్నారు. కాలు నొప్పితో ఎవరైనా పదింటికి వెతికితే, అప్పటికి మనం అక్కడ లేం."

మావయ్యగారి ఎడమచేయి చేతికర్ర మీద ఆగిపోయింది.

"కొనక్కర్లేదా? ఊరికే నొక్కితే చాలా?"

"నొక్కితే చాలు."

"కింద ఉన్నది నొక్కితేనో? ఆ ఆర్గానిక్కు?"

"దానికి ఖర్చు లేదు. పైనున్నదానికే."

ఆయన కాసేపు గోడ మీది చెక్క పాదాల వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా లేచి, "కాస్త తల తిరుగుతోంది. పడుకుంటా," అంటూ లోపలికి వెళ్ళిపోయారు.

"చూశావా," అన్నాడు భర్త. "నాన్నకి కూడా ఎవరో అర్థమైంది."

* * *

పదీ పది.

కోడలు రిపోర్టుని గంటల వారీగా విడగొట్టింది. నిన్నటి దాకా ఆమె చూసింది ఏ ప్రాంతం, ఎన్ని క్లిక్కులు, అంతే. గంటలు చూడాలని తట్టలేదు. ఇప్పుడు తెర మీద గీతలు పేరుకుంటూ వచ్చాయి. ఉదయం ఆరూ పది నుంచి ఆరూ నలభై మధ్య ఒక కుప్ప. ఆ తర్వాత రోజంతా ఖాళీ. ఆదివారం కూడా అంతే. అన్నీ ఫోన్లలోంచే. పది పన్నెండు ఫోన్లు, ఒక్కోదాంట్లోంచి రెండు మూడు సార్లు.

"షోరూమ్ పనివాళ్ళు పన్నెండు మంది," అన్నాడు భర్త ఆమె భుజం మీంచి చూస్తూ. గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోయాడు.

"వాళ్ళు పదింటికి వస్తారు. పొద్దున్న ఆరింటికి పన్నెండు మందీ ఒకేచోట చేరి మన యాడ్ నొక్కుతారా?"

"చెప్పి చేయిస్తే ఎందుకు చెయ్యరు?"

ఆమె రిపోర్టుని వెనక్కి జరుపుతోంది. ఈ నెల, పోయిన నెల. రోజూ అదే కుప్ప, అదే వేళ. జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగింది.

పోయిన నెల పదకొండు, పన్నెండు, పదమూడు. మూడు రోజులు ఒక్క క్లిక్కు లేదు. పద్నాలుగున మళ్ళీ మొదలు.

ఆ మూడు రోజులూ ఏమైందో ఆమెకి తెలుసు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మూడు రోజులు మావయ్యగారు ఆసుపత్రిలో ఉన్నారు. పరీక్షలని చేర్చుకున్నారు. అత్తగారు పక్కనే ఉన్నారు.

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"ఏమైంది?"

"కళ్ళు లాగుతున్నాయి. నీళ్ళు తాగి వస్తా."

* * *

లోపలి గదిలో మావయ్యగారు పడుకోలేదు. మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఫోను పక్కన బోర్లా పెట్టి ఉంది.

తలుపు దగ్గరగా వేసి ఆమె కింద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయనే మొదలుపెట్టారు.

"నువ్వే చెప్పావమ్మాయ్. ట్రాఫిక్ పెరిగితే పైకొస్తామని. ఎంతమంది చూస్తే అంత పైకి అని."

చెప్పింది. మూడు నెలల కిందట, కూర తరుగుతూ, సగం మాట చెప్పింది. పై వరస వేరు, కింద వరస వేరు అన్న రెండో సగం చెప్పలేదు. పెద్దాయనకి అదంతా ఎందుకులే అనుకుంది.

"నలభై ఏళ్ళు పొద్దున్న ఆరింటికి ఆ తలుపు నేనే తీశా," అన్నారాయన. "జిగురు వెచ్చబెట్టి, అందరూ వచ్చేసరికి సిద్ధంగా ఉంచేవాణ్ణి. ఈ చెయ్యి పోయాక మీ ఆయన తీస్తున్నాడు. ఏడింటికి. నేను పార్కు బెంచీ మీద కూర్చుని ఫోన్లో నొక్కుతా. తలుపు ఫొటో వస్తుంది. నా వేలితో తెరుచుకున్నట్టుంటుంది."

"మిగతా ఫోన్లు?"

"పార్కుకొచ్చేవాళ్ళవి. నేనే అడిగి నొక్కిస్తా. ఒకాయన సరిగ్గా రాలేదని మూడుసార్లు నొక్కేవాడు." ఆయన ఎడమచేత్తో కళ్ళు తుడుచుకోలేదు, నుదురు తుడుచుకున్నారు. "ఇద్దరు కుట్టేవాళ్ళని ఇంటికి పంపింది నేనన్నమాట."

"మీరు కాదు. నేను. సగం చెప్పింది నేను."

"వియ్యంకుడి ముందు చెప్పకమ్మాయ్."

ఆమె తలెత్తింది.

"వాడూ నేనూ ఒకే బల్ల మీద పని నేర్చుకున్నాం. కొలత బూట్లకి కాలం చెల్లిందని వాడు రెడీమేడ్‌కి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళుగా నా షాపు చూసి నవ్వుకుంటూనే ఉన్నాడు. నా షాపు నేనే నా చేత్తో మూసుకున్నానని వాడి ముందు చెప్పకు. ఇంకేమైనా చెప్పు."

ఏం చెప్పాలి? వియ్యంకుడు కాదని చెప్తే చాలదు, మరెవరని అడుగుతాడు. తెలియదంటే నమ్మడు. పెట్టె కదలదు.

బయట కారు ఆగిన చప్పుడైంది. పదకొండు ఇంకా కాలేదు. పది నిమిషాలు ముందే వచ్చాడు.

* * *

వియ్యంకుడు ఒక్కడే లోపలికి వచ్చాడు. అల్లుడు కారులోనే ఉన్నాడు. కిటికీలోంచి అతని మోచెయ్యి మాత్రం కనిపిస్తోంది.

పెట్టెకి ఇటుపక్క వియ్యంకుడి కుర్చీ, అటుపక్క గువ్వ. మధ్యలో అత్తగారు తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఎవరూ ముట్టుకోకుండా ఉంది.

"అబ్బాయి రాలేదేం అన్నయ్యగారూ?" అంది అత్తగారు.

"వాడికి ఇక్కడ అరుపులు వినే ఓపిక లేదమ్మా. నాకైతే అలవాటైంది, నిన్నటి నుంచి." ఆయన ఈ ఇంటి కోడలి వైపు తిరిగాడు. "చెప్పమ్మా. సాంకేతికమంతా నీ చేతిలోనే ఉందటగా. నేను ఏ వేలితో నొక్కానో చూపించు."

భర్త ముందుకొచ్చాడు. "పొద్దున్న ఆరింటికి..."

"నేను చెప్తాను," అంది ఆమె. "బాబాయిగారూ, మీరు కాదు. మీ షోరూమ్‌లోంచీ కాదు. ఆ క్లిక్కులు మా ఇంట్లోంచే."

భర్త ఆమె వైపు ఎంతలా చూశాడంటే, ఆ చూపు చెంప మీద తగిలినట్టు అనిపించింది.

"ఇంట్లోంచా?" అన్నాడు వియ్యంకుడు. "ఎవరు?"

"నేనే. యాడ్ సరిగ్గా వస్తోందో లేదో చూడాలని రోజూ నొక్కేదాన్ని. అలా చూడకూడదు, వేరే పద్ధతి ఉంది. నాకు తెలియక పొరపాటు చేశాను."

"వెబ్‌సైట్ పెట్టినదానివి నీకు తెలియకా?"

"తెలియకే."

"రిపోర్టులో పది పన్నెండు ఫోన్లని ఉంది కదా ఇందాక," అన్నాడు భర్త నెమ్మదిగా. "నీకు పన్నెండు ఫోన్లున్నాయా?"

అబద్ధాన్ని పట్టుకున్నది బయటివాడు కాదు, కట్టుకున్నవాడు.

అప్పుడు అత్తగారు నోరు తెరిచింది.

"ఏంటి, ఆ పైన వచ్చేది నొక్కకూడదా? నేనూ రోజూ స్నానం చేసొచ్చి నొక్కుతున్నానే. మీ మావయ్యగారు చెప్పారు, నొక్కితే షాపు పైకొస్తుందని. ఒక్కోరోజు రెండుసార్లు నొక్కుతా, మంచిది కదా అని. పార్కులో వాళ్ళందరి చేతా ఈయన నొక్కించట్లా?"

ఆ మాటలకి గువ్వ కూడా తలెత్తింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. మావయ్యగారు కర్ర తాటిస్తూ వచ్చి, కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"మా ఆవిడ చెప్పింది నిజం. నేనే బావా. కోడలికి తెలియదు. నన్ను కాపాడాలని ఏదో అల్లింది. నా షాపుకి నేనే జనం రాకుండా చేసుకున్నా. నవ్వాలంటే నవ్వు."

వియ్యంకుడు నవ్వలేదు. చాలాసేపు ఆ పడిపోయిన చేతిని చూశాడు.

"ఒక్క మాట చెప్పుంటే మా షోరూమ్‌లో వాళ్ళ చేత కూడా నొక్కించేవాణ్ణి," అన్నాడు చివరికి. "ఇంకా త్వరగా మూతపడేది."

హాస్యమో, ఎత్తిపొడుపో తెలియలేదు. మావయ్యగారి పెదవి ఒక పక్కకి కదిలింది, అంతే.

వియ్యంకుడు లేచి కారులోని కొడుక్కి ఫోన్లో రెండు ముక్కలు మెసేజ్ పెట్టాడు. "మీ మీద నాకేం లేదు బావగారూ. పొరపాటు ఎవరికైనా అవుతుంది. కానీ మీ అబ్బాయి అన్న మాట పదిమంది విన్నారు. ఆ పదిమందీ వినాలి."

అందరూ కొడుకు వైపు చూశారు. అతను పనిశాల తలుపులోంచి చెక్క పాదాల వైపు చూస్తున్నాడు.

"వస్తాను," అన్నాడు అతను. "సాయంత్రం, నిన్నటి వేళకే. అందరూ ఉన్నప్పుడే. తప్పు నాది మావయ్యగారూ. మా ఆవిడ మీ పేరు ఎత్తలేదు. నేనే ఎత్తాను."

ఆ ఒక్క మాటతో గదిలో గాలి ఆడింది. అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పద తల్లీ," అన్నాడు వియ్యంకుడు గువ్వతో. పెట్టె పిడి మీద ఆయనే చెయ్యి వేశాడు. "బయట వాడు ఎదురుచూస్తున్నాడు."

గువ్వ లేవలేదు.

"మామయ్యగారూ, మీది తేలింది. నాది తేలలేదు."

"నీదేంటే?" అంది అత్తగారు.

గువ్వ తల్లి వైపు చూడలేదు. మామగారి వైపే చూసింది. మాట గట్టిగా లేదు, కానీ ఎక్కడా తడబడలేదు. "నిన్న అన్నయ్య అరిచి వెళ్ళాక మీ అబ్బాయి నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. వదినకి నేను పంపిన మెసేజీలన్నీ ఒక్కొక్కటీ చదివారు. షోరూమ్‌లో, పనివాళ్ళ ముందు. 'మన షాపు సంగతులు పుట్టింటికి ఏమేం చేరవేశావు' అని అడిగారు. నేనేం చెయ్యలేదని చెప్తే, 'చూసి తెలుసుకుంటా' అన్నారు. మీరు అక్కడే ఉన్నారు."

కోడలు పెట్టె వైపు చూసింది. పొద్దుటి నుంచి అందరూ అనుకున్నది ఒకటి. మామగారికి జరిగిన అవమానానికి ఈ పిల్లని పంపేశారని. ఎవరూ పంపలేదు. తనే వచ్చింది. అడిగినవాళ్ళు లేరు. కాఫీ తాగుతావా అన్నారు, పడుకుంటావా అన్నారు, ఎందుకొచ్చావని మాత్రం అడగలేదు.

"కోపంలో..." వియ్యంకుడు పిడి మీంచి చెయ్యి తీశాడు. "వాడికి కోపమొచ్చిందమ్మా. మనసులో ఏం లేదు."

"అన్నయ్యకీ కోపమే వచ్చింది. అన్నయ్య సాయంత్రం వచ్చి పదిమందిలో చెప్తున్నాడు కదా. మీరే అడిగారు కదా మామయ్యగారూ, ఎక్కడన్నాడో అక్కడే అని. నేనూ అదే అడుగుతున్నా."

"వాడు రాడు. నీకు తెలుసుగా వాడి సంగతి."

"అయితే నేనూ రాను."

మావయ్యగారు కూతుర్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. గువ్వ అన్న ఏదో అనబోయాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఈసారి అతను ఆగాడు.

"వదినా," అంది గువ్వ. "నువ్వెళ్ళి పిలుస్తావా? నేను వెళ్తే బతిమాలడానికి వచ్చాననుకుంటారు."

కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. ఎండకి గచ్చు కాలుతోంది. కారు ఇంజను ఆపి ఉంది, అద్దం సగం దింపి ఉంది. అల్లుడు ముందుకే చూస్తున్నాడు.

"తను వస్తోందా?"

"మిమ్మల్ని లోపలికి రమ్మంటోంది అన్నయ్యగారూ."

"దేనికి? ఎవరు నొక్కారో తేలిపోయిందిగా. నాన్న మెసేజ్ పెట్టారు."

"తేలింది. తను మీ షాపు సంగతులేవీ చేరవేయలేదని కూడా తేలింది. ఆ మాట మీ నోటి వెంట వినాలట, నిన్న విన్నవాళ్ళందరి ముందు."

అతను మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్ర లేని కళ్ళు. "నిన్న రాత్రే తనని క్షమించమని అడిగాను. గదిలో. నేనూ తనూ ఉన్నప్పుడు. చాలదంది."

లోపల పెట్టె చక్రాలు నేల మీద కదిలిన చప్పుడు వినిపించింది. అటో ఇటో తెలియలేదు. ఆమె కారు తలుపు తెరిచి పట్టుకుంది.

"దిగండి అన్నయ్యగారూ."

అతను ఇంటి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో గువ్వ నిలబడి ఉంది, చేతులు ఖాళీగా. ఇద్దరి చూపులూ ఒక్కక్షణం కలిశాయి. అతని కుడిచెయ్యి స్టీరింగు మీంచి జారి, తాళంచెవి మీద పడింది. దాన్ని బయటికి లాగి దిగుతాడో, ముందుకి తిప్పి వెళ్ళిపోతాడో, తలుపు పట్టుకుని నిలబడ్డ ఆమెకి అంతు చిక్కలేదు.